ఇరవై ఒక్క రోజుల సెలవు, మూడు ప్రయాణాలు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1980లో ఈ బడిలో పదో తరగతి ప్యాసైనవాణ్ణి. ముప్పై అయిదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాను. మాట్లాడమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, "ప్రవాసాంధ్రుడి హృదయ స్పందన లాంటివి చెప్పకు, జనం లేచిపోతారు. పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నాడు. ఏడేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు కాబట్టి అనగలిగాడు. అందుకని ఇవాళ పనికొచ్చే మాటే చెబుతాను. బయటి దేశాల నుంచి తక్కువ సెలవు మీద వచ్చే మనలాంటివాళ్లు ఇక్కడ ఒక్కరోజు ప్రయాణాలు ఎలా వేసుకోవాలి అన్నది నా విషయం. ఇందులో నేను పండితుణ్ణి కాను. తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి.

ముందు లెక్క చూద్దాం. మన లెక్కల టీచరు గారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే దిద్దుతారు. సెలవు ఇరవై ఒక్క రోజులు. రాకపోకలకు నాలుగు పోతే పదిహేడు. పగలు నిద్ర, రాత్రి మెలకువ తీరడానికి మూడు పోతే పద్నాలుగు. బ్యాంకు, తాసీల్దారు ఆఫీసు, పాసుపుస్తకం పనికి మూడు పోతే పదకొండు. అత్తవారి ఊరికి నాలుగు. అక్కడ తగ్గించుకునే ధైర్యం మీలో ఎవరికైనా ఉంటే చెప్పండి, నాకు లేదు. మిగిలింది ఏడు. చుట్టాల ఇళ్లకు, పలకరింపులకు మూడు. నాలుగు. కడుపులో తేడా చేసి మంచం ఎక్కడానికి ఒకటి. ఇక మూడు.

డిసెంబరులో వస్తే పగలు పదకొండు గంటలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అంటే మూడు రోజులకు ముప్పై మూడు గంటలు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి మన చేతికి వచ్చేది ఇంతే. దీన్ని ఖర్చుపెట్టడం నాకు చాలాకాలం చేతకాలేదు.

2014లో వచ్చినప్పటి సంగతి చెబుతాను. నాన్నకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. మోకాళ్ల నొప్పులున్నా మనిషి గట్టివాడే. నేను దిగిన రోజు నుంచీ ఒకటే మాట, "ఒకసారి దివిసీమ వెళ్లొద్దాంరా" అని. సరే అన్నాను. అక్కడే నా తెలివి ప్రదర్శించాను. అంత దూరం ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఆఫీసులో ప్రాజెక్టు ప్లాను గీసినట్టు ఒక కాగితం తయారుచేశాను. కూచిపూడి, మొవ్వ, శ్రీకాకుళం, ఘంటసాల, మోపిదేవి, ఆ తరువాత అవనిగడ్డ మీదుగా కోడూరు, హంసలదీవి. ఒక్క రోజులో అన్నీ. ఒక్కోచోట నలభై అయిదు నిమిషాలు.

ఆరింటికి అనుకున్నది పిల్లల టిఫిన్లయ్యేసరికి తొమ్మిదింటికి బయలుదేరాం. కూచిపూడిలో పిల్లలకు సిద్ధేంద్రయోగి గురించి చెప్పాను. మొవ్వలో గోపాలస్వామి దర్శనం చేయించి క్షేత్రయ్య గురించి చెప్పాను. శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నమైంది, ఆంధ్రమహావిష్ణువు గుడి తలుపులు వేసేశారు. కృష్ణదేవరాయలకు కలలో కనబడి ఆముక్తమాల్యద రాయమన్న స్వామి అని చెప్పుకునే గుడి అది. చూడకుండా ఎలా అని, ఘంటసాల వెళ్లి మళ్లీ రావచ్చన్నాను. ఘంటసాలలో మ్యూజియం మూసి ఉంది. ఆ రోజు శుక్రవారం. మళ్లీ శ్రీకాకుళం వచ్చి గుడి తీసేదాకా కూర్చున్నాం. మోపిదేవిలో క్యూ. అవనిగడ్డ చేరేసరికి చీకటి. డ్రైవరు, "సార్, ఇంకా ముందుకెళితే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రవుద్ది" అన్నాడు. వెనక్కి తిరిగాం.

ఆ రోజంతా నాన్న దాదాపు కారులోనే ఉన్నాడు. మెట్లున్న చోటల్లా, "మీరెళ్లి రండి, నేను ఇక్కడే ఉంటా" అన్నాడు. ఒక్క కూచిపూడిలో మాత్రం దిగి రోడ్డు పక్క పంపు దగ్గరకు వెళ్లి దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాడు. ఆయనకది అలవాటు. ఏ ఊరు వెళ్లినా ముందు ఆ ఊరి నీళ్లు రుచి చూసేవాడు. చిన్నప్పుడు చుట్టాల ఇళ్లకు వెళ్లినప్పుడు కూడా అంతే. నాకు నామోషీగా ఉండేది. ఆ రోజు పిల్లల ముందే, "సీసాలో మంచినీళ్లు ఉన్నాయి కదా నాన్నా, రోగాలొస్తాయి" అని గట్టిగా అన్నాను. ఏమీ అనలేదు. తిరుగు దారిలో మాత్రం, "కోడూరు వైపు వెళ్లలేకపోయాం. పర్లేదులే, మళ్లీ వస్తావుగా" అన్నాడు.

2016 ఆషాఢంలో నాన్న పోయారు. ఆ ప్రయాణానికి కాగితం మీద ప్లాను రాసుకోలేదు. దొరికిన టికెట్టుతో వచ్చాను.

ఆ తరువాతే నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు ఏం చేస్తున్నానో చెబుతాను, నచ్చినవి తీసుకోండి.

మొదటిది, ప్రయాణాన్ని ఊరి పేరుతో మొదలుపెట్టకూడదు, మనిషి పేరుతో మొదలుపెట్టాలి. కాగితం మీద పైన "అమ్మ" అని రాయండి, లేదా "మనవరాలు" అని రాయండి. కింద ఆ మనిషి చూడాలనుకునే చోటు ఒక్కటే రాయండి. రెండోది దారిలో తగిలితే సరే, తగలకపోతే సరే. దేవుడి గదిలో పటాలన్నిటికీ ఒక్కో పువ్వు పెట్టినట్టు ఊరికో అరగంట పంచుకుంటూ పోతే ఏ చోటూ గుర్తుండదు.

రెండోది, మన నిద్ర తేడాను వాడుకోవాలి. అమెరికా నుంచి వచ్చినవాళ్లకు మొదటి మూడు రోజులు తెల్లవారుజామున రెండింటికే మెలకువ వస్తుంది, మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడతాయి. మంచం మీద దొర్లే బదులు అయిదింటికి బయలుదేరి పన్నెండుకు ఇంటికి చేరే ప్రయాణాలు ఆ రోజుల్లో పెట్టుకోండి. ఉండవల్లి గుహలు అలాంటి చోటు. ప్రకాశం బ్యారేజీ దాటితే చాలు. కొండను తొలిచిన నాలుగంతస్తులు, లోపల ఒకే రాతిలో మలిచిన అనంతశయనమూర్తి. మెట్లు ఎక్కలేనివాళ్లతో అయితే కొండపల్లి మేలు. పైన కోట, కింద బొమ్మల ఇళ్లు. తెల్ల పొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి రంగులు వేస్తుంటే మా మనవరాలు గంటసేపు కదల్లేదు. ఫోను అడగలేదు. అంతకన్నా ఏం కావాలి?

మూడోది, తలుపుల సంగతి. గుళ్లు మధ్యాహ్నం మూస్తారు. పురావస్తు శాఖ వారి మ్యూజియంలకు శుక్రవారం సెలవు. అమరావతికైనా, ఘంటసాలకైనా, నాగార్జునకొండకైనా ఇదే. మా అమ్మాయి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూసి వచ్చి, అవి ఉండిన చోటు చూపించమంది. తీసుకెళ్లాను. మహాచైత్యం ఉన్న చోట ఇప్పుడు దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్లు. మిగిలినవి కొన్ని పక్కన మ్యూజియంలో, చాలా మద్రాసులో, కొన్ని లండన్‌లో. ఆ దిబ్బ ముందు అది అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికే ఒక పూట పట్టింది. తలుపులు మూసి ఉంటే ఆ పూట ఉండేది కాదు. ఇంకో మాట, పిల్లలకు ఓసీఐ కార్డులుంటే వెంట తీసుకెళ్లండి. ఇలాంటి చోట్ల ఆ కార్డు ఉన్నవాళ్లకూ మన టికెట్టు ధరే.

నాలుగోది, పెద్దవాళ్ల ఒంటి అవసరాలు. ఇది సభలో చెప్పడానికి మొహమాటపడే విషయం, అందుకే చెబుతున్నాను. అమ్మలు ప్రయాణం వద్దనడానికి అసలు కారణం చాలాసార్లు బాత్రూము. అడిగితే చెప్పరు, "నాకెందుకులే, మీరెళ్లి రండి" అంటారు. దారిలో శుభ్రమైన హోటలు ఎక్కడుంది, పెట్రోలు బంకు ఎక్కడుంది, తెలిసినవాళ్ల ఇల్లు ఎక్కడుంది, ముందే కనుక్కుని, "ఇక్కడ ఆగుతాం, మళ్లీ ఇక్కడ ఆగుతాం" అని చెప్పండి. ఆ మాటతో సగంమంది అమ్మలు చీర మార్చుకుని వచ్చేస్తారు. రెండో సంగతి, మనం గొప్పకు తీసుకునే పెద్ద కార్లు ఎత్తుగా ఉంటాయి. ఒక చెక్కపీట డిక్కీలో వేసుకోండి. మా అమ్మ ఆ పీట మీద కాలు పెట్టి కారు ఎక్కుతుంది. అదే పీట మీద కూర్చుని దారిలో కాఫీ తాగుతుంది. పులిహోర, పెరుగన్నం క్యారియర్‌లో పెట్టుకుంటే హోటలు వెతుక్కునే గంట కలిసొస్తుంది. డ్రైవరుకు కూడా కలిపే కట్టండి. అతను వేళకు తిని ఓ కునుకు తీస్తేనే మనం క్షేమంగా ఇంటికి వస్తాం.

అయిదోది, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాలి. ఆ లెక్కన వెనక నుంచి గంటలు కట్టుకుంటూ వస్తే, ఎంత దూరం వెళ్లొచ్చో తేలిపోతుంది. మన ఊరి నుంచి బందరు వైపు ఒక రోజుకు చక్కగా సరిపోతుంది. పెడనలో కలంకారీ అద్దకం చూడొచ్చు. కరక్కాయ నీళ్లలో నానిన గుడ్డ మీద చెక్క అచ్చులు ఒకదాని పక్కన ఒకటి పడుతుంటాయి, వెంట్రుకవాసి తేడా రాదు. సాయంత్రం మంగినపూడిలో సముద్రం, వస్తూ బందరు లడ్డు. నాగార్జునకొండకు మాత్రం ముసలివాళ్లతో ఒక్క రోజులో వెళ్లొస్తామనకండి. దూరం ఒక ఎత్తు, లాంచీ వేళలు ఒక ఎత్తు. రాత్రి ఉండగలిగితేనే వెళ్లండి. చలికాలంలో తెల్లవారుజామున మంచు పడుతుంది, రోడ్డు కనబడదు. అలాంటి రోజు గంట ఆలస్యమైనా నష్టం లేదు. ఒక ఊరు తగ్గించుకోండి.

ఎప్పుడు రావాలి అని కూడా చాలామంది అడుగుతారు. ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు. వేసవిలో వస్తే సెలవంతా పెళ్లి భోజనాల్లోనే పోతుంది. సంక్రాంతి ముందు రెండు రోజులు, తరువాత రెండు రోజులు హైదరాబాదు రోడ్డు జోలికి మాత్రం పోకండి.

ఇక చివరి సంగతి. 2023 జనవరిలో ఈ పద్ధతిలో నేను వేసుకున్న మొదటి ప్రయాణం దివిసీమకే. కాగితం మీద పైన నాన్న పేరు రాయడానికి మనిషి లేడు. ఆ పేరు పక్కన ఇంకెవరి పేరైనా ఉందా అని ఆలోచిస్తే మన సోషల్ మాస్టారు గుర్తొచ్చారు.

మీలో మా వయసువాళ్లకు జ్ఞాపకం ఉంటుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పది వేలమందికి పైగా పోయారు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. మనం ఇంటింటికీ తిరిగి బియ్యం, పాతబట్టలు పోగుచేశాం. ఇదే ఆవరణలో ఆ వేపచెట్టు కింద గోతాల్లో కట్టాం. మాస్టారు, నాన్న, ఇంకో నలుగురు లారీలో వెళ్లారు. పిల్లలకు తెలిసింది అంతవరకే. రెండు రోజుల్లో వస్తానన్న నాన్న తొమ్మిది రోజులకు వచ్చాడు. అక్కడ ఏం చూశాడో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మేము అడగలేదు.

ఆ రోజు ఆరింటికి బయలుదేరాం. మాస్టారు ముందు సీట్లో, నేనూ అమ్మా వెనక. చూడవలసిన చోటు ఒక్కటే, కోడూరు దాటాక సముద్రం వైపు ఉన్న ఒక పల్లె. దారిలో కూచిపూడి వచ్చింది, ఆగలేదు. మోపిదేవి వచ్చింది, కారులోంచే దణ్ణం పెట్టుకున్నాం. పులిగడ్డ అక్విడక్టు దగ్గర పీట దించి అమ్మకు కాఫీ ఇచ్చాం. అవనిగడ్డ దగ్గర ఉప్పెనలో పోయినవాళ్ల స్మారకం ముందు మాస్టారు చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డారు. తొందర లేదు. నాకు ఇంకో ఊరు లేదు.

పల్లెలో మాస్టారికి గుర్తున్న ఆనవాళ్లేవీ లేవు. అన్నీ కొత్త ఇళ్లు. రామాలయం అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనను పలకరించి, "ఉప్పెనప్పుడు ఉయ్యూరు వైపు నుంచి వచ్చాం" అన్నారు మాస్టారు. ఆ పెద్దాయన కాసేపు చూసి, "బెల్లం లారీ వాళ్లా?" అన్నాడు.

లారీలో బియ్యంతోపాటు మన రైతులు ఇచ్చిన బెల్లం దిమ్మలు కూడా వెళ్లాయట. పొయ్యి వెలిగించడానికి ఎండుపుల్ల లేని ఊళ్లో, మొదటి రెండు రోజులు జనం తిన్నది ఆ బెల్లమేనట. ఆయన మమ్మల్ని ఊరి చివరకు తీసుకెళ్లి ఒక నుయ్యి చూపించాడు. ఇప్పుడు దాని మీద సిమెంటు పలక వేసేశారు. "సముద్రం నీళ్లు పడి ఉప్పైపోయింది. మీ వాళ్లు తోడిపోశారు. తోడడం, ఊట రావడం, నోట్లో పోసుకుని చూడటం, ఉప్పంటే మళ్లీ తోడడం. ఒకాయన ఉండేవాడు, రుచి చూసేది ఆయనే. ఇంకెవర్నీ చూడనిచ్చేవాడు కాదు, రోగాలొస్తాయని" అన్నాడు.

మాస్టారు నా వైపు చూశారు. అమ్మ, "మీ నాన్నేరా" అంది.

ఆ మాట నేను 2014లో వినవలసింది, నాన్న పక్కన నిలబడి. నాలుగు గుళ్లు, ఒక మూసిన మ్యూజియం, రెండు క్యూల కోసం దాన్ని పోగొట్టుకున్నాను. అందుకే ఇవాళ ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు సంఘానికి ఒక విన్నపం. ఆఫీసు గదిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎడమవైపు పేజీలో మన గురువుల పేర్లు, వాళ్లు చూడాలనుకుని చూడలేకపోయిన చోట్లు. కుడివైపు పేజీలో సెలవు మీద వస్తున్న మన పిల్లల పేర్లు, తేదీలు. ఎలాగూ కారు మాట్లాడుకుంటాం, ఎలాగూ ఒక సీటు ఖాళీ ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ తన మూడు రోజుల్లో ఒకదాంట్లో ఆ సీటును ఒక మాస్టారికో టీచరు గారికో ఇస్తే చాలు. శాలువా కప్పితే వాళ్లు సంతోషిస్తారు, నిజమే. కానీ శాలువాలు వాళ్ల బీరువాల్లో చాలా ఉన్నాయి.

మొదటి పేరు నేనే రాస్తాను. ముప్పై ఏళ్లు మనకు లెక్కలు చెప్పిన టీచరు గారు, ఇంత దగ్గరున్న కూచిపూడికి ఒక్కసారి కూడా వెళ్లలేదని నిన్న రాత్రి భోజనాల దగ్గర అన్నారు. బడి, ఇల్లు, పిల్లల పెళ్లిళ్లు, ఆ తరువాత మోకాళ్లు. టీచరు గారూ, వచ్చే మంగళవారం ఉదయం ఆరున్నరకు మీ ఇంటి ముందుకు కారు వస్తుంది. పీట ఉంది. బాత్రూముకు ఆగే చోట్లు రెండు చూసి పెట్టాను. చూసేది కూచిపూడి ఒక్కటే. దీపాల వేళకు ఇంట్లో ఉంటారు.